ఎవరి కోసం ఈ భక్తి? తన మనసునే పరీక్షించుకున్న ఇగ్నేషియస్ లయోలా కథ



ఈ వారం వీడియోలో నిష్కామ భక్తి గురించి మాట్లాడుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో చెప్పలేకపోయిన ఒక జీవితకథ ఇక్కడ రాస్తున్నాను. ఇది మన సంప్రదాయంలో పుట్టిన మహానుభావుడి కథ కాదు. ఐదు వందల ఏళ్ల కిందటి స్పెయిన్ సైనికుడి కథ. ఆయన పేరు మాత్రం మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు పలికే ఉంటారు. విజయవాడలో ఆంధ్ర లయోలా కాలేజీ, సికింద్రాబాద్ అల్వాల్‌లో లయోలా అకాడమీ, చెన్నైలో లయోలా కాలేజీ. ఆ లయోలా ఆయన పుట్టిన చోటు. ఆయన పేరు ఇగ్నేషియస్.

ఈయన కథే ఎందుకంటే, మన దగ్గర తరచూ వినపడే ప్రశ్నే ఈయన్ని జీవితమంతా వెంటాడింది. నేను ఈ దీక్ష, ఈ ఉపవాసం, ఈ 108 ప్రదక్షిణలు నిజంగా దేవుడి కోసమే చేస్తున్నానా? నలుగురిలో పేరు కోసమా? చేయకపోతే ఏమవుతుందోనన్న భయంతోనా? బయటికి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా లోపలే. ఆ తేడాని ఎలా కనిపెట్టాలో ఇగ్నేషియస్ చాలా కష్టపడి నేర్చుకున్నారు. చివరి రోజుల్లో తన కథని ఒక సహచరుడికి స్వయంగా చెప్పి రాయించారు కాబట్టి, అప్పట్లో ఆయన మనసులో ఏం నడిచిందో మనకి బాగానే తెలుసు.

బూటు కోసం ఎముక కోయించుకున్న మనిషి

1491లో స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, లయోలా కోటలో, ఒక జమీందారీ కుటుంబంలో పుట్టారు. 13 మంది పిల్లల్లో ఆఖరివాడు. చిన్నప్పటి పేరు ఇనీగో. టీనేజ్‌లోనే రాజుగారి కోశాధికారి ఇంట్లో పెరగడానికి వెళ్లారు. అక్కడ అబ్బింది దర్బారు జీవితం. మంచి బట్టలు, కత్తిసాము, జూదం, అమ్మాయిల ధ్యాస, పరువు కోసం గొడవలు. భక్తి లేదని కాదు. పండగకి గుడికి వెళ్లి మిగతా రోజుల్లో మర్చిపోయేంత భక్తి ఉంది.

1521 మే 20న పాంప్లోనా కోట మీద ఫ్రెంచి సైన్యం దాడి చేసింది. కోటలో ఉన్నవాళ్లు తక్కువ. లొంగిపోదామని మిగతావాళ్లు అంటుంటే, వద్దు, పోరాడదామని పట్టుబట్టింది ఇనీగోనే. ఫిరంగి గుండు వచ్చి ఒక కాలు విరగ్గొట్టింది, రెండోదాన్ని గాయపరిచింది. ఆయన పడిపోగానే కోట లొంగిపోయింది. ఫ్రెంచివాళ్లు మర్యాదగానే చూసి, కట్టు కట్టి, ఇంటికి పంపించారు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఎముక సరిగ్గా అతకలేదు. మళ్లీ విరగ్గొట్టి అతికించారు. ఆ రోజుల్లో మత్తుమందు లేదు. పిడికిళ్లు బిగించుకుని భరించారు. జూన్ నెలాఖరుకి ప్రాణం మీదికి వచ్చి, ఎలాగో బతికి బయటపడ్డారు. తీరా చూస్తే మోకాలి కింద ఎముక ముక్క ఒకటి ఎత్తుగా పొడుచుకొచ్చి ఉంది. ప్రాణానికి ప్రమాదమేమీ లేదు. కానీ దర్బారులో వేసుకునే బిగుతు బూటు ఆ కాలికి ఎక్కదు. దాన్ని కోసేయమన్నారు. ఇప్పటిదాకా పడినదానికంటే ఎక్కువ నొప్పి ఉంటుందని డాక్టర్లు చెప్పినా వినలేదు. కోయించుకున్నారు. పొట్టి అయిన కాలిని సాగదీయడానికి రోజుల తరబడి పరికరాలు కట్టించుకుని పడుకున్నారు. అయినా ఆ కుంటి నడక జీవితాంతం పోలేదు.

ఈ ఘట్టం గుర్తుపెట్టుకోండి. మామూలు మనిషి తట్టుకోలేని నొప్పిని ఆయన తట్టుకున్నారు. దేని కోసం? అందంగా కనిపించడం కోసం. అంటే ఓర్పు, పట్టుదల, త్యాగం ఉన్నంత మాత్రాన అది గొప్ప సాధన అయిపోదు. ఎంత కష్టపడుతున్నామనే దాంతో పాటు, ఎవరి కోసం అనేది కూడా చూడాలి.

రెండు పగటికలలు

మంచం మీద నెలల తరబడి పడి ఉండాలి. టైమ్ పాస్ కోసం వీరుల సాహసకథల పుస్తకాలు తెమ్మన్నారు. ఆ ఇంట్లో అవి దొరకలేదు. ఉన్నవి రెండే. ఒకటి యేసు జీవితచరిత్ర, ఇంకొకటి క్రైస్తవ పునీతుల కథలు. వేరే దారి లేక అవే చదివారు.

మధ్యమధ్యలో కలలు కనేవారు. ఒక కలలో ఒక గొప్పింటి రాణిలాంటి స్త్రీని మెప్పించడానికి తాను చేయబోయే సాహసాలు. మూడు నాలుగు గంటలు తెలియకుండానే గడిచిపోయేవి. ఇంకో కలలో ఫ్రాన్సిస్, డొమినిక్ లాంటి పునీతులు చేసినవి తానూ చేయడం. చెప్పుల్లేకుండా జెరూసలేం నడిచివెళ్లడం, ఆకులు తిని బతకడం లాంటివి. రెండు కలలూ కంటున్నంతసేపు హాయిగానే ఉండేవి. తేడా తర్వాత తెలిసేది. మొదటి కల అయిపోయాక మనసు ఎండిపోయినట్టు, వెలితిగా ఉండేది. రెండోది అయిపోయాక కూడా సంతోషం మిగిలేది.

చాలా రోజులు ఆయన దీన్ని పట్టించుకోలేదు. ఒకరోజు పట్టించుకున్నారు. ఆయన ఆధ్యాత్మిక జీవితానికి పునాది ఆ చిన్న గమనింపే. ఒక కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే, అది వెళ్లిపోయాక మనలో ఏం మిగిల్చిందో చూడాలి.

మనకి ఇది కొత్త మాట కాదు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన శ్రేయస్సు, ప్రేయస్సుల విషయం గుర్తొస్తోంది కదా? అప్పటికి ప్రియంగా ఉండేది వేరు, మేలు చేసేది వేరు. ఇనీగో ఏ గురువూ లేకుండా, మంచం మీద పడుకుని, తన మనసునే చూసుకుంటూ ఆ తేడా దగ్గరికి వచ్చారు.

కత్తి, కంచర గాడిద, బిచ్చగాడి బట్టలు

అయితే రెండో కలలో కూడా ఒక తిరకాసు ఉంది. ఫ్రాన్సిస్ చేశాడు, నేనూ చేస్తాను, ఇంకా ఎక్కువే చేస్తాను అనే లెక్క అందులో ఉంది. దేవుడి పేరు వచ్చి చేరినా పోటీ మనస్తత్వం మారలేదు.

1522 మొదట్లో ఇల్లు వదిలి కంచర గాడిద మీద మోంట్‌సెరాట్ కొండ వైపు బయలుదేరారు. దారిలో ఒక ముస్లిం ప్రయాణికుడు తోడయ్యాడు. మాటల్లో మరియమ్మ గురించి చర్చ వచ్చింది. ఆ మనిషి తన అభిప్రాయం చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. ఇనీగోకి కోపం మొదలైంది. తన తల్లిలాంటి మరియమ్మ గౌరవం కాపాడలేదే, వెనకాలే వెళ్లి కత్తితో పొడవాలా అని ఊగిసలాడారు. తేల్చుకోలేక కళ్లెం వదిలేశారు. దారి చీలే చోట గాడిద ఆ మనిషి వెళ్లిన ఊరి వైపు తిరిగితే పొడవడం, పెద్ద దారిలో పోతే వదిలేయడం. గాడిద పెద్ద దారి పట్టింది.

ఒక మనిషి ప్రాణం ఆ రోజు గాడిద తెలివి మీద నిలబడింది. ఇనీగో దృష్టిలో అది భక్తే. నిజానికి పాత దర్బారు పరువే భక్తి వేషం వేసుకుంది. సోషల్ మీడియాలో దేవుడి పేరుతో తిట్టుకునే మన కాలంలో, ఏ మతం వాళ్లమైనా సరే, ఈ కథ ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

మోంట్‌సెరాట్‌లో మూడు రోజుల పాటు తన పాపాలన్నీ రాసుకుని ఒప్పుకున్నారు. మార్చి 24 రాత్రి ఖరీదైన బట్టలు ఒక బిచ్చగాడికి ఇచ్చేసి, గోనెలాంటి గుడ్డ కట్టుకున్నారు. కత్తిని మరియమ్మ సన్నిధిలో వదిలేసి రాత్రంతా జాగరణ చేశారు. మర్నాడు తెలిసింది ఏంటంటే, ఆ బట్టలు దొంగిలించాడని బిచ్చగాడిని పట్టుకున్నారట. తన దానం వల్ల ఒక పేదవాడు దెబ్బలు తినాల్సి వచ్చిందని ఇనీగో కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇంతకాలం తన త్యాగం ఎంత గొప్పగా ఉందనే చూసుకున్న మనిషి, మొదటిసారి ఎదుటివాడి కష్టం చూశారు.

భక్తి భయంగా మారితే

అక్కడి నుంచి మన్రేసా అనే ఊరు చేరి, దాదాపు 11 నెలలు ఉన్నారు. అడుక్కుని తినేవారు. రోజుకి ఏడు గంటలు ప్రార్థన. జుట్టు మీద మోజు ఉండేది కాబట్టి దాన్ని దువ్వడం, కత్తిరించడం మానేశారు. గోళ్లు పెరగనిచ్చారు. శరీరాన్ని కొట్టుకునేవారు.

తర్వాత మొదలైంది అసలు నరకం. మోంట్‌సెరాట్‌లో పాపాలన్నీ చెప్పానా? ఏదైనా వదిలేశానా? సరిగ్గా చెప్పానా? మళ్లీ ఫాదర్ దగ్గరికి వెళ్లి చెప్పేవారు. కాసేపు ఊరట. మళ్లీ అనుమానం. స్పష్టంగా గుర్తున్నవి తప్ప పాతవి చెప్పొద్దని ఫాదర్ అన్నారు. కానీ ఆయనకి అన్నీ స్పష్టంగానే గుర్తొచ్చేవి! ఒక దశలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా పదేపదే వచ్చింది. దేవుడికి ఇష్టం లేని పని చేయనని ఏడుస్తూ తనని తాను ఆపుకున్నారు. దేవుడు కరుణించేదాకా తిననని వారం రోజులు పస్తులున్నారు. ఫాదర్ గట్టిగా చెప్పాక తిన్నారు. రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్లీ మొదటికి.

అప్పుడు మళ్లీ ఆ పాత గమనింపు పనికొచ్చింది. ఈ అనుమానాల దండ చివరికి తనని ఎక్కడికి తీసుకెళ్తోందో చూశారు. ఈ జీవితమే వద్దనే విసుగు దగ్గరికి. దేవుడి నుంచి వచ్చిందైతే ఇక్కడికి తీసుకురాదు కదా అని తేల్చుకున్నారు. ఇకపై పాత పాపాలు మళ్లీ ఒప్పుకోనని నిర్ణయించుకున్నారు. విడుదల దొరికింది. జుట్టు, గోళ్లు కూడా కత్తిరించుకున్నారు. బడి పంతులు పిల్లాడికి నేర్పినట్టు దేవుడు తనకి ఆ రోజుల్లో నేర్పాడని తర్వాత చెప్పుకున్నారు.

దీన్ని రెండు కళ్లతో చూడొచ్చు.

మొదటిది క్రైస్తవ వేదాంతం. వాళ్ల విశ్వాసంలో క్షమాపణ దేవుడి కృప, ఉచితంగా వచ్చేది. మన సాధనతో కొనుక్కునేది కాదు. దేవుడి ప్రేమ ముందు, మన పని దానికి జవాబు. పదేపదే ఒప్పుకుంటున్నాడంటే, పైకి వినయంలా కనిపించినా, ఇచ్చిన క్షమాపణని నమ్మలేదని అర్థం. తన మోక్షాన్ని తానే లెక్కకట్టి సంపాదించాలనుకోవడం అన్నమాట.

రెండోది సైకాలజీ. మతపరమైన ఈ అనుమానపు జబ్బుని ఇప్పుడు ఓసీడీలో ఒక రకంగా చూస్తారు. అనుమానం వస్తుంది, అది పోవడానికి ఒక పని చేస్తాం, కాసేపు ఊరట, ఆ ఊరటే అనుమానాన్ని ఇంకా బలపరుస్తుంది. చికిత్సలో ముఖ్యమైన భాగం ఏంటంటే, భయం వచ్చినా ఆ పనిని మళ్లీ చేయకుండా ఉండటం నేర్పించడం. ఐదు వందల ఏళ్ల కిందట ఇగ్నేషియస్ తీసుకున్న నిర్ణయం దానికి చాలా దగ్గరగా ఉంది. డెసీ, రయాన్ అనే సైకాలజిస్టులు ప్రేరణల్లో ఒక రకం చెప్పారు. బయటివాళ్లెవరూ బలవంతపెట్టరు, కానీ లోపలి అపరాధభావం, పరువు మనల్ని కొరడాతో తోలుతుంటాయి. చూడ్డానికి సొంత ఇష్టంలా ఉంటుంది, కానీ స్వేచ్ఛ ఉండదు. మన్రేసాలో మొదటి నెలలు అచ్చంగా అదే.

మన గీతలో 17వ అధ్యాయం తీసి చూడండి. గౌరవం కోసం, పూజలందుకోవడం కోసం చేసే తపస్సు రాజసం. మూఢంగా తనని తాను హింసించుకునేది తామసం. ఫలం ఆశించకుండా శ్రద్ధతో చేసేది సాత్త్వికం. ఇనీగో మొదటి రెండూ దాటి మూడోదాని వైపు నడిచారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పూజలో తప్పు జరిగిందేమో, మంత్రం తప్పు పలికానేమో అని రోజంతా నలిగిపోతుంటే, లేదా బతకాలని లేదనిపిస్తుంటే, అది మీ భక్తి లోపం కాదు. ఇంట్లో నమ్మకమైనవాళ్లకి చెప్పండి, డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

చిన్నపిల్లల మధ్య లాటిన్ క్లాసు

1523లో జెరూసలేం వెళ్లారు. జీవితాంతం అక్కడే ఉండాలని ఆశ. అక్కడి క్రైస్తవ పెద్దలు ఒప్పుకోలేదు. తిరిగొచ్చేశారు. నలుగురికి ఉపయోగపడాలంటే చదువు కావాలని అర్థమై, 33 ఏళ్ల వయసులో బార్సిలోనాలో చిన్నపిల్లలతో కూర్చుని లాటిన్ మొదలుపెట్టారు.

స్టూడెంట్స్ ఈ భాగం జాగ్రత్తగా చదవండి. వ్యాకరణం పుస్తకం తీయగానే ఆయనకి అద్భుతమైన ఆధ్యాత్మిక అనుభూతులు పొంగుకొచ్చేవి. ఎంత ప్రయత్నించినా పాఠం ఎక్కేది కాదు. ప్రార్థనకి కూర్చున్నప్పుడు మాత్రం అంతగా రావు! ఇదేదో తేడాగా ఉందని ఆయనకి అర్థమైంది. పవిత్రంగా కనిపించే ఆలోచన కూడా చేయాల్సిన పని నుంచి తప్పిస్తుంటే దాన్ని నమ్మకూడదు. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లి, రెండేళ్ల పాటు ఒక్క క్లాసూ మానను, చదువుతాను అని మాటిచ్చారు. ఆ అనుభూతులు ఆగిపోయాయి. పరీక్షల ముందే పారాయణాలు గుర్తొచ్చేవాళ్లకి ఇంతకంటే చెప్పాలా?

1528లో పారిస్ చేరారు. హాస్టల్లో రూమ్‌మేట్లు పీటర్ ఫేబర్, ఫ్రాన్సిస్ జేవియర్. ఫేబర్ కూడా అవే పాపశంకలతో నలిగిపోయేవాడు. ఆ బాధ తెలిసిన ఇగ్నేషియస్ తొందరపెట్టకుండా ఏళ్ల తరబడి ఓపికగా తోడున్నారు. తను పడిన నరకం ఇంకొకరికి మందయింది. 1534 ఆగస్టు 15న ఏడుగురు మిత్రులు మోంట్‌మార్త్ర్ కొండ మీద వ్రతం పట్టారు. 1540లో పోపు మూడో పాల్ ఆమోదంతో అదే యేసు సభ అయింది. వాళ్లనే మనం జెస్యూట్లు అంటాం.

జేవియర్ 1542లో గోవా వచ్చారు. మిత్రులిద్దరూ మళ్లీ కలవలేదు. గోవాలో బోమ్ జీసస్ చర్చి చూసినవాళ్లకి ఆయన భౌతికకాయం అక్కడే ఉందని తెలుసు. గోవా ఇంక్విజిషన్ సంగతేంటి అని మీకు అనిపిస్తే అది న్యాయమైన ప్రశ్నే. అది 1560లో మొదలైంది, అప్పటికి ఇద్దరూ లేరు. కానీ అలాంటిది కావాలని పోర్చుగల్ రాజుకి ఉత్తరం రాసింది జేవియరే. అక్కడ ఎంతోమంది బాధపడ్డారు. కాబట్టి మన ఉద్దేశం స్వచ్ఛంగా ఉందని మనకి అనిపిస్తే సరిపోదు. మన భక్తి పక్కవాడి మీద ఎలా పడుతోందో కూడా చూడాలి. మోంట్‌సెరాట్ బిచ్చగాడు నేర్పిన పాఠం ఇదే.

పదిహేను నిమిషాలు చాలు

మిగతా జీవితం రోమ్‌లో, ఎక్కువగా టేబుల్ ముందే గడిచింది. దాదాపు 7000 ఉత్తరాలు రాశారు, రాయించారు. తన అనుభవాన్నంతా ఆధ్యాత్మిక సాధనలు అనే చిన్న పుస్తకంగా మలిచారు. 1548లో అచ్చయింది. చదువుకునే పుస్తకం కాదది, దాదాపు నెల రోజులు చేసే సాధనకి గైడ్. ఒకప్పుడు వారం పస్తులున్న ఈ మనిషే, అతిగా ఉపవాసాలు చేస్తున్న ఒక ప్రభువుకి ఉత్తరం రాసి, సాధన సగానికి తగ్గించమని, శరీరం కూడా దేవుడిచ్చిందే కాబట్టి బాగా చూసుకోమని చెప్పారు.

చివరి పరీక్ష ఒకటుంది. యేసు సభ ఆయన ప్రాణం. అది రద్దయిపోతే ఏం చేస్తారని అడిగితే, పావుగంట ప్రార్థన చాలు, మళ్లీ ప్రశాంతంగా ఉంటానని చెప్పేవారు. 1555లో తనంటే పెద్దగా పడని వ్యక్తి నాలుగో పాల్ పేరుతో పోపు అయ్యారు. వార్త వినగానే ఇగ్నేషియస్ ముఖం మారిపోయింది, ఒళ్లు వణికిందట. ఏమీ మాట్లాడకుండా ప్రార్థనకి వెళ్లారు. కాసేపటికి ప్రశాంతంగా బయటికొచ్చారు. భయం రాకపోవడం కాదు, అది వచ్చాక కూడా తిరిగి సమస్థితికి రాగలగడం ఆయన సంపాదించుకున్నది.

1556 జూలై 31 తెల్లవారుజామున వెళ్లిపోయారు. ముందురోజు సాయంత్రం పోపు ఆశీర్వాదం తెమ్మని సెక్రటరీని అడిగితే, ఉత్తరాల పనుంది, రేపు వెళ్తానన్నాడు. సరే, నీ ఇష్టమన్నారు. పక్కన బంధుమిత్రులు గుమిగూడలేదు, చివరి సందేశమేమీ లేదు. ఒకప్పుడు బూటు అందం కోసం ఎముక కోయించుకున్న మనిషి, ఎవరూ చూడకపోయినా ఫర్వాలేదన్నట్టు వెళ్లిపోయారు. అప్పటికి ఆయన సభలో వెయ్యి మంది వరకు ఉన్నారు. 1622లో చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది.

మనం ఏం తీసుకోవచ్చు?

మీ మతం మార్చుకోమని ఈ కథ అడగదు, నేనూ అడగను. మన పూజగదిలోనే వాడుకోగలిగినవి మూడు చెప్తాను.

ఒకటి. ఏ సాధన చేసినా, అయిపోయాక ఒక నిమిషం ఆగి మనసు ఎలా ఉందో చూడండి. ధైర్యం, ప్రేమ, నెమ్మది మిగిలాయా? గర్వమో భయమో మిగిలిందా?

రెండు. మనసు బాగా కుంగి ఉన్నప్పుడు, బాగున్నప్పుడు తీసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చకండి. ఇది ఇగ్నేషియస్ పెట్టిన ముఖ్యమైన నియమం.

మూడు. ఒక మంచి ఆలోచన వస్తే దాని మొదలు, మధ్య, చివర మూడూ చూడమంటారాయన. మొదలు భక్తిగా ఉండి, చివర పని ఎగ్గొట్టడమో, ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడమో, ఎవరినో ద్వేషించడమో అయితే, మధ్యలో ఎక్కడో దారి తప్పింది.

ఈ వారం మీరు చేసే ఒక్క పూజకి ఇది ప్రయత్నించి, ఏం గమనించారో కామెంట్లో రాయండి. అన్నీ చదువుతాను. వచ్చే వీడియోలో గీత 17వ అధ్యాయం, మూడు రకాల తపస్సు గురించి వివరంగా మాట్లాడుకుందాం.

సర్వే జనాః సుఖినో భవంతు.